లేజర్ పౌనఃపున్య స్థిరీకరణ

లేజర్ కాంతి తరంగం సెకనుకు ఎన్నిసార్లు డోలనం చేస్తుందో చెప్పే సంఖ్య దాని పౌనఃపున్యం. ఆ సంఖ్యను మారకుండా నిలిపి ఉంచే పద్ధతులన్నిటినీ కలిపి లేజర్ పౌనఃపున్య స్థిరీకరణ అంటారు. దృశ్యకాంతి సెకనుకు సుమారు 400 నుంచి 750 లక్షల కోట్ల సార్లు డోలనం చేస్తుంది. ఏ లేజరూ తనంత తానుగా ఆ అంకె మీద నిలబడదు. తనకంటే నిలకడగా ఉన్న దానితో అనుక్షణం పోల్చి సరిదిద్దితేనే నిలుస్తుంది. ఆ ప్రమాణం ఒక పరమాణువు కావచ్చు, అణువు కావచ్చు, రెండు అద్దాల మధ్య దూరం కావచ్చు. పరమాణు గడియారాలు, గురుత్వ తరంగాల శోధన, పరమాణువులను లేజర్లతో చల్లబరిచే ప్రయోగాలు, గాలిలోని వాయువులను గుర్తించే పరికరాలు ఈ నిలకడ మీదే ఆధారపడ్డాయి. ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో ఉన్న ఎడ్యుకేషన్ సిటీ విద్యాసంస్థలు పాలుపంచుకున్న మీథేన్ శోధన పరిశోధన ఈ చివరి కోవకు చెందింది.

పౌనఃపున్యం ఎందుకు మారుతుంది

లేజర్ పౌనఃపున్యాన్ని ముఖ్యంగా దాని కుహరం పొడవు నిర్ణయిస్తుంది. రెండు అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగేటప్పుడు, ఆ దూరంలో అర్ధ తరంగదైర్ఘ్యాలు పూర్ణసంఖ్యలో ఇమిడితేనే కాంతి నిలదొక్కుకుంటుంది. కాబట్టి పొడవు ఎంత వంతు పెరిగితే పౌనఃపున్యం అంత వంతు తగ్గుతుంది.

రుబీడియం ప్రయోగాల్లో వాడే 780 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పౌనఃపున్యం సుమారు 384 టెరాహెర్ట్జ్. అది తాకవలసిన రుబీడియం శోషణ రేఖ సహజ వెడల్పు 6 మెగాహెర్ట్జ్, అంటే మొత్తంలో ఆరు కోట్లకు పైగా భాగాలు చేస్తే అందులో ఒక భాగం. కుహరం అల్యూమినియం దిమ్మ మీద అమర్చి ఉంటే, ఆ దిమ్మ డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కినా పౌనఃపున్యం సుమారు 9 మెగాహెర్ట్జ్ జారుతుంది. ఆ కాస్త వేడికే లేజర్ రేఖను దాటిపోతుందన్న మాట. కుహరం గాలికి తెరిచి ఉంటే వాతావరణ పీడనంలో 1 హెక్టోపాస్కల్ మార్పు పౌనఃపున్యాన్ని సుమారు 100 మెగాహెర్ట్జ్ కదిలిస్తుంది, ఎందుకంటే పీడనంతో పాటు గాలి వక్రీభవన గుణకం మారుతుంది. డయోడ్‌కు అందే విద్యుత్తులోని చిన్న ఒడుదొడుకులు, బల్ల మీదికి పాకే అడుగుల అదురు, ఎయిర్ కండిషనర్ హోరు కూడా పౌనఃపున్యంలో కనిపిస్తాయి.

ఈ బయటి కారణాలన్నిటినీ తొలగించినా ఒక మూల కారణం మిగులుతుంది. లేజర్ మాధ్యమంలోని పరమాణువులు అప్పుడప్పుడు ప్రేరణ లేకుండా వాటంతట అవే కాంతిని వెలువరిస్తాయి. అలా వెలువడిన ప్రతి ఫోటాన్ తరంగ దశను కొద్దిగా చెదరగొడుతుంది. దీనివల్ల ఏర్పడే కనీస రేఖా వెడల్పును ఆర్థర్ షాలో, చార్లెస్ టౌన్స్ 1958లోనే లెక్కగట్టారు. తొలి లేజర్ పనిచేసింది ఆ తర్వాత రెండేళ్లకు, 1960లో. ఆచరణలో చాలా లేజర్లు ఈ కనీస వెడల్పుకు ఎంతో దూరంలో ఉంటాయి. మధ్యనున్న ఆ దూరాన్ని తగ్గించడమే స్థిరీకరణ పని.

స్థిరత్వం, ఖచ్చితత్వం, కొలత

రెండు గుణాలను వేరుగా చూడాలి. పౌనఃపున్యం కాలంతో మారకుండా ఉండటం స్థిరత్వం. ఆ పౌనఃపున్యం విలువ ఎంతో సెకను నిర్వచనంతో ముడిపెట్టి చెప్పగలగడం ఖచ్చితత్వం. మంచి గాజు కుహరానికి కట్టిన లేజర్ కొన్ని సెకన్ల పాటు అద్భుతమైన స్థిరత్వం చూపుతుంది. అయితే కుహరం పొడవు ఎంతో కొలవకుండా అసలు పౌనఃపున్యం చెప్పలేం. పరమాణు రేఖకు కట్టిన లేజర్‌కు మాత్రం ఆ పరమాణువే చిరునామా. ప్రపంచంలో ఎక్కడ అమర్చినా అదే రేఖ దొరుకుతుంది.

మార్పులు కూడా రెండు రకాలు. సెకనులో వెయ్యో వంతు కాలంలో వచ్చిపోయే వేగమైన ఒడుదొడుకులు లేజర్ రేఖను వెడల్పు చేస్తాయి. నిమిషాలు, గంటల మీద సాగే నెమ్మదైన జారుడు రేఖ కేంద్రాన్నే కదిలిస్తుంది. ఎంతసేపటి సగటు తీసుకుంటే ఎంత స్థిరత్వం కనిపిస్తుందో చెప్పే గణాంక పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ అలన్ 1966లో ప్రతిపాదించాడు. అలన్ విచలనం అని పిలిచే ఈ కొలతే ఇప్పటికీ గడియారాలకూ స్థిరమైన లేజర్లకూ ఉమ్మడి కొలబద్ద. ఒక్క లేజర్‌ను ఒంటరిగా పెట్టి దాని స్థిరత్వం తేల్చడం కుదరదు. రెండు లేజర్ల కాంతిని ఒకే డిటెక్టర్ మీద కలిపి, వాటి పౌనఃపున్యాల తేడాకు సమానమైన విస్పందనాన్ని విద్యుత్ సంకేతంగా కొలుస్తారు.

ఫీడ్‌బ్యాక్ వలయం

కచేరీలో గాయకుడు తంబురా శ్రుతిని వింటూ స్వరం తప్పిన క్షణంలోనే గొంతు సవరించుకున్నట్లు, స్థిరీకరించిన లేజర్ కూడా ఎడతెగకుండా పోల్చుకుంటూ, సర్దుకుంటూ ఉంటుంది. ఈ ఏర్పాటులో మూడు అంగాలు ఉంటాయి. మొదటిది ప్రమాణం. రెండోది, ప్రమాణం నుంచి లేజర్ ఎంత తప్పిందో వోల్టేజిగా చూపే దోష సంకేతం. మూడోది, ఆ సంకేతాన్ని అందుకుని లేజర్‌ను వెనక్కి నెట్టే సవరణ యంత్రాంగం.

దోష సంకేతానికి ఉండవలసిన ముఖ్య లక్షణం దిక్కు చెప్పడం. శోషణ రేఖ అట్టడుగున లేజర్ నిలిచి ఉందనుకుందాం. అది పై పౌనఃపున్యం వైపు జరిగినా, కింది వైపు జరిగినా దాటి వచ్చే కాంతి ఒకే తీరుగా పెరుగుతుంది. ఎటు నెట్టాలో సవరణ యంత్రాంగానికి తెలియదు. అందుకని కేంద్రం దగ్గర సున్నా, ఒక పక్క ధనం, మరో పక్క రుణం అయ్యే సంకేతాన్ని తయారు చేయాలి. స్థిరీకరణ పద్ధతుల్లోని వైవిధ్యం చాలావరకు ఈ సంకేతాన్ని ఎలా పుట్టిస్తారన్న దాంట్లోనే ఉంది.

అతి సులువైన మార్గం రేఖ అంచున నిలపడం. వాలు మీద ఉన్నప్పుడు కాంతి తీవ్రత పెరిగితే ఒక దిక్కు, తగ్గితే మరో దిక్కు అని తెలిసిపోతుంది. కానీ లేజర్ శక్తి మారినా అదే తీరు సంకేతం వస్తుంది కాబట్టి, తీవ్రతలోని మార్పును పౌనఃపున్యంలోని మార్పుగా పొరపడే ప్రమాదం ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉంటుంది.

సవరణ వేర్వేరు వేగాల్లో జరుగుతుంది. ఉష్ణోగ్రత నియంత్రణ నెమ్మదైన జారుడును చూసుకుంటుంది. అద్దాన్ని లేదా గ్రేటింగ్‌ను కదిలించే పీజో స్ఫటికం కొన్ని కిలోహెర్ట్జ్ దాకా స్పందిస్తుంది. డయోడ్ విద్యుత్తును నేరుగా మారిస్తే మెగాహెర్ట్జ్ వేగం అందుతుంది. లేజర్‌ను ముట్టుకోకుండా, బయటికి వచ్చిన కాంతిని ధ్వని తరంగాలతో నడిచే ఎకౌస్టో ఆప్టిక్ మాడ్యులేటర్ గుండా పంపి పౌనఃపున్యాన్ని సరిచేయడమూ ఉంది. సంకేతం వలయం చుట్టి రావడానికి పట్టే సమయమే చివరికి హద్దు గీస్తుంది. సవరణ ఆలస్యంగా అందితే అది దోషాన్ని తగ్గించడానికి బదులు పెంచుతుంది. వర్ధనాన్ని మితిమీరి పెంచినప్పుడు వలయమే డోలనం మొదలుపెట్టడానికి కారణం ఇదే.

పరమాణువులు, అణువులు ప్రమాణాలుగా

గది ఉష్ణోగ్రతలో రుబీడియం ఆవిరిలోని పరమాణువులు అన్ని దిక్కులకూ పరుగెడుతుంటాయి. డాప్లర్ ప్రభావం వల్ల ఒక్కో పరమాణువుకు లేజర్ ఒక్కో పౌనఃపున్యంలో కనిపిస్తుంది. ఫలితంగా 6 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉండవలసిన రేఖ సుమారు 500 మెగాహెర్ట్జ్ వెడల్పున్న లోయలా పరుచుకుంటుంది. దీన్ని దాటే ఉపాయం సంతృప్త శోషణ వర్ణపటశాస్త్రం. థియోడర్ హెన్ష్, ఆర్థర్ షాలో దీన్ని 1971లో ట్యూనబుల్ లేజర్లతో చేసి చూపించారు.

ప్రయోగశాలలో ఇది కనిపించే తీరు ఇలా ఉంటుంది. కొన్ని సెంటీమీటర్ల పొడవున్న గాజు గొట్టంలో రుబీడియం ఆవిరి ఉంటుంది. ఒక బలమైన కిరణాన్ని ఒక పక్క నుంచి, దాని నుంచే విడదీసిన బలహీన కిరణాన్ని ఎదురుపక్క నుంచి పంపుతారు. లేజర్ పౌనఃపున్యాన్ని అటూ ఇటూ జరుపుతుంటే ఆసిలోస్కోప్ తెర మీద విశాలమైన శోషణ లోయ గీసుకుంటుంది. ఆ లోయలో అక్కడక్కడ సన్నని సూదుల్లాంటి శిఖరాలు లేస్తాయి. కిరణాల దిశలో కదలని పరమాణువులు మాత్రమే రెండు కిరణాలనూ ఒకే పౌనఃపున్యంలో చూస్తాయి. బలమైన కిరణం వాటిని ముందే ఉత్తేజపరచడంతో బలహీన కిరణాన్ని పీల్చుకునేవి తగ్గిపోతాయి. ఆ చోట శిఖరం లేస్తుంది. రెండు రేఖలకు సరిగ్గా నడుమ అడ్డదాటు శిఖరాలు కూడా వస్తాయి. తరచు ఇవే అన్నిటికంటే పొడవుగా ఉంటాయి కాబట్టి చాలా ప్రయోగాలు లేజర్‌ను వీటి మీదే లాక్ చేస్తాయి. ప్రయోగకర్త జరుపుడు వెడల్పును మెల్లగా తగ్గిస్తూ కావలసిన శిఖరాన్ని తెర మధ్యకు తెచ్చి, వలయాన్ని కలుపుతాడు. అప్పుడు తెర మీది గీత ఒక మట్టం మీద నిలబడిపోతుంది.

శిఖరం నుంచి దిక్కు చెప్పే సంకేతం పుట్టించడానికి అనేక మార్గాలు ఉన్నాయి. లేజర్ పౌనఃపున్యాన్ని కొద్దిగా ఊపుతూ, అదే లయలో వచ్చే స్పందనను లాక్ ఇన్ యాంప్లిఫైయర్‌తో వేరుచేయడం పాత పద్ధతి. దానివల్ల శిఖరానికి అవకలజ రూపం దొరుకుతుంది. ఊపే వేగాన్ని రేడియో పౌనఃపున్యాలకు పెంచితే లేజర్ తీవ్రతలోని రొద చాలావరకు తప్పుతుంది. గ్యారీ బ్యోర్క్‌లండ్ 1980లో ప్రచురించిన ఈ పౌనఃపున్య మాడ్యులేషన్ పద్ధతి తర్వాతి అభివృద్ధికి పునాది అయింది. ఊపడం అసలే వద్దనుకుంటే ధ్రువణ వర్ణపటశాస్త్రం ఉంది. వెడల్పైన పట్టు చాలనుకునే చోట అయస్కాంత క్షేత్రంతో డాప్లర్ రేఖను రెండుగా చీల్చి, రెండిటి తేడాను సంకేతంగా వాడతారు. 1998లో వెలువడిన ఈ రెండో పద్ధతిలో పట్టు వందల మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. బల్లను ఎవరైనా తట్టినా లాక్ తప్పదు. బదులుగా అయస్కాంత క్షేత్రం, ఉష్ణోగ్రత మారితే సున్నా బిందువు కాస్త జరుగుతుంది.

అణువుల్లో అయోడిన్‌కు ప్రత్యేక స్థానం ఉంది. దానికి దృశ్యకాంతి పొడవునా వేల రేఖలున్నాయి. అయోడిన్ రేఖకు కట్టిన 633 నానోమీటర్ల హీలియం నియాన్ లేజర్ పౌనఃపున్యం సుమారు 473.612 టెరాహెర్ట్జ్. పొడవు ప్రమాణాలను సరిచూసే జాతీయ ప్రయోగశాలల్లో ఇది దశాబ్దాలుగా ప్రామాణిక పరికరం. అణువుల రేఖలను కొలబద్దలుగా వాడే సంప్రదాయంలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త కె. నరహరి రావు కృషి గుర్తుంచుకోదగ్గది. పరారుణ ప్రాంతపు తరంగదైర్ఘ్య ప్రమాణాల మీద ఆయన ఇద్దరు సహచరులతో కలిసి రాసిన గ్రంథం 1966లో వెలువడింది.

మీథేన్, కాంతి వేగం

తొలి హీలియం నియాన్ లేజర్‌ను 1960 డిసెంబరులో బెల్ ప్రయోగశాలల్లో వెలిగించిన బృందానికి నాయకుడు అలీ జవాన్. ఆయన ఇరాన్‌లోని టెహ్రాన్‌లో పుట్టినవాడు. ఈ రకపు లేజర్ 3.39 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని కూడా ఇస్తుంది. సహజ వాయువులోని ప్రధాన అణువైన మీథేన్‌కు సరిగ్గా అక్కడే ఒక బలమైన శోషణ రేఖ ఉండటం ప్రకృతి చేసిన మేలు. మీథేన్ అణువు సౌష్ఠవమైన నిర్మాణం వల్ల బయటి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలకు ఆ రేఖ అంతగా చలించదు. రిచర్డ్ బార్గర్, జాన్ హాల్ అమెరికాలోని బౌల్డర్‌లో 1969లో ఈ లేజర్‌ను మీథేన్ రేఖకు కట్టి అసాధారణ స్థిరత్వం సాధించారు.

మూడేళ్లలో దాని ఫలితం లోకానికంతటికీ అందింది. 1972లో కెన్నెత్ ఇవెన్సన్ బృందం మీథేన్‌కు కట్టిన ఆ లేజర్ పౌనఃపున్యాన్ని సీజియం గడియారంతో దశలవారీగా పోల్చి 88.376 టెరాహెర్ట్జ్‌గా కొలిచింది. దాని తరంగదైర్ఘ్యం విడిగా కొలిచి ఉంది. ఈ రెండిటి లబ్ధమే కాంతి వేగం. సెకనుకు 299792456.2 మీటర్లని, అనిశ్చితి 1.1 మీటర్లని తేలింది. అంతకుముందున్న విలువ కంటే ఇది దాదాపు వంద రెట్లు మెరుగు. అనిశ్చితిలో మిగిలింది కాంతి వేగానిది కాదు, అప్పటి మీటరు నిర్వచనానిది. అందుకే 1983లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ కాంతి వేగాన్ని సెకనుకు 299792458 మీటర్లుగా స్థిరపరచి, మీటరునే దాని నుంచి నిర్వచించింది. ఆనాటి నుంచి స్థిరమైన పౌనఃపున్యం గల ప్రతి లేజరూ ఒక పొడవు కొలబద్దే.

అనునాద కుహరం, పౌండ్ డ్రెవర్ హాల్ పద్ధతి

కొద్ది సెకన్ల వ్యవధిలో పరమాణు ఆవిరి కంటే నిలకడైనది ఖాళీ కుహరం. అత్యధికంగా పరావర్తనం చేసే రెండు అద్దాలను ఎదురెదురుగా బిగిస్తే, నిర్దిష్ట పౌనఃపున్యాల దగ్గర మాత్రమే కాంతి లోపల పేరుకుంటుంది. అద్దాల మధ్య దూరం 10 సెంటీమీటర్లైతే ఆ పౌనఃపున్యాలు 1.5 గిగాహెర్ట్జ్ ఎడంతో వరుసగా ఉంటాయి. కాంతిని పట్టి ఉంచే గుణాన్ని ఫైనెస్ అంటారు. అది 3 లక్షలుంటే ఒక్కో అనునాదం వెడల్పు 5 కిలోహెర్ట్జ్ మాత్రమే.

దీనికి లేజర్‌ను కట్టడంలో నేడు అన్నిచోట్లా వాడుతున్నది పౌండ్ డ్రెవర్ హాల్ పద్ధతి. రాబర్ట్ పౌండ్ 1946లో సూక్ష్మ తరంగాలకు ఇలాంటి ఏర్పాటు చేశాడు. గురుత్వ తరంగాల శోధన కోసం లేజర్లను నిలకడ పరచాలని చూస్తున్న రొనాల్డ్ డ్రెవర్, జాన్ హాల్, వారి సహచరులు దాన్ని కాంతికి అన్వయించి 1983లో ప్రచురించారు.

ఇందులో లేజర్ కాంతిని విద్యుత్ కాంతి మాడ్యులేటర్ గుండా పంపి దాని దశను రేడియో పౌనఃపున్యంతో ఊపుతారు. దాంతో అసలు పౌనఃపున్యానికి రెండు పక్కలా సమాన దూరంలో రెండు పక్క పౌనఃపున్యాలు పుడతాయి. అవి కుహరంలోకి ప్రవేశించలేవు, అద్దం నుంచి తిరిగి వచ్చేస్తాయి. అసలు పౌనఃపున్యపు కాంతి మాత్రం కొంత లోపలికి వెళ్లి, కొంతకాలం తిరిగి, బయటికి కారుతుంది. అలా వచ్చిన కాంతిలో లేజర్ ఇటీవలి కాలపు సగటు దశ దాగి ఉంటుంది. ధ్రువణ విభాజకం, పావు తరంగ పలక తిరుగు కాంతిని పక్కకు మళ్లించి డిటెక్టర్ మీద పడేస్తాయి. అక్కడ అసలు కాంతి పక్క పౌనఃపున్యాలతో కలిసి విస్పందనం ఇస్తుంది. దాన్ని మాడ్యులేషన్ సంకేతంతో మిక్సర్‌లో గుణిస్తే, కేంద్రం దగ్గర నిటారైన వాలుతో సున్నాను దాటే దోష సంకేతం దొరుకుతుంది.

ఈ పద్ధతి గొప్పదనం రెండు విషయాల్లో ఉంది. పరావర్తనం సున్నాకు చేరే బిందువు దగ్గర పనిచేస్తుంది కాబట్టి తీవ్రత ఒడుదొడుకులు దాన్ని పెద్దగా తాకవు. కుహరం స్పందించేంత నెమ్మదిగా కాకుండా, దశలోని హఠాత్ మార్పును కూడా వెంటనే పట్టుకుంటుంది. మాడ్యులేషన్ అక్కర్లేని ప్రత్యామ్నాయాన్ని హెన్ష్, బెర్నార్డ్ కుయో 1980లో చూపారు. అది కుహరం లోపలి ధ్రువణ పలకతో పనిచేస్తుంది. నిర్మాణం సులువే కానీ సున్నా బిందువు దీర్ఘకాలం అంత నమ్మకంగా ఉండదు.

కుహరం పొడవును కాపాడటం

లేజర్ కుహరాన్ని అంత గట్టిగా అనుసరిస్తున్నప్పుడు భారమంతా కుహరం మీద పడుతుంది. 10 సెంటీమీటర్ల కుహరానికి కట్టిన లేజర్ 1 హెర్ట్జ్ కంటే ఎక్కువ కదలకూడదంటే అద్దాల మధ్య దూరం ఒక ప్రోటాన్ వ్యాసార్ధం కంటే కూడా తక్కువే మారాలి. అందుకు కుహరం నడిమి గొట్టాన్ని అత్యల్ప వ్యాకోచ గాజుతో చేస్తారు. గది ఉష్ణోగ్రతకు దగ్గరలో ఈ గాజు వ్యాకోచ గుణకం సున్నాను దాటుతుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గరే దాన్ని శూన్య పాత్రలో, అనేక ఉష్ణ కవచాల లోపల నిలుపుతారు. బరువుకు వంగినా అద్దాల ఎడం మారని బిందువులను లెక్కగట్టి, అక్కడే ఆధారాలు పెడతారు. మొత్తాన్ని అదురు పీల్చే వేదిక మీద ఉంచుతారు.

అమెరికా ప్రమాణాల సంస్థలో జేమ్స్ బెర్గ్‌క్విస్ట్ బృందం 1999లో ఈ మార్గంలో 0.6 హెర్ట్జ్ వెడల్పున్న లేజర్‌ను చూపింది. ఆ తర్వాత ముందుకు పోనివ్వనిది అద్దాల అణువుల ఉష్ణ చలనమేనని 2004 నాటి ఒక విశ్లేషణ తేల్చింది. దాన్ని తగ్గించడానికి చల్లబరచడమే దారి. సిలికాన్ ఏకస్ఫటికానికి 124 కెల్విన్ దగ్గర వ్యాకోచం సున్నా అవుతుంది. జర్మనీ ప్రమాణాల సంస్థ, బౌల్డర్‌లోని జైలా పరిశోధన సంస్థ కలిసి ఇలాంటి సిలికాన్ కుహరాలతో 2017లో 10 మిల్లీహెర్ట్జ్ కంటే సన్నని లేజర్ రేఖను, 10¹⁷ భాగాల్లో 4 వంతుల స్థిరత్వాన్ని సాధించాయి.

పౌనఃపున్య దువ్వెన

లేజర్ కాంతి డోలనాలను నేరుగా లెక్కించే ఎలక్ట్రానిక్ పరికరం లేదు. 1972లో సీజియం నుంచి మీథేన్ దాకా చేరడానికి లేజర్ల గొలుసే కట్టవలసి వచ్చింది. ఫెమ్టోసెకండ్ స్పందాల లేజర్ ఆ గొలుసును ఒక్క బల్ల మీదికి కుదించింది. క్రమం తప్పకుండా వెలువడే స్పందాల వర్ణపటం, దువ్వెన పళ్లలా సమాన ఎడాలతో నిలిచిన లక్షల సన్నని రేఖల వరుస. ఎడం స్పందాల పునరావృత్తి రేటుకు సమానం. వరుస మొత్తం సున్నా నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పేది మరో సంఖ్య. రెండూ రేడియో పౌనఃపున్యాలే కావడంతో గడియారంతో లెక్కించవచ్చు. ఈ దువ్వెన అభివృద్ధికి హాల్, హెన్ష్ 2005 నోబెల్ బహుమతిలో సగభాగం అందుకున్నారు.

స్థిరీకరణలో దువ్వెన రెండు వైపులా పనిచేస్తుంది. తెలియని లేజర్‌ను దాని దగ్గరి పంటితో పోల్చి పౌనఃపున్యాన్ని చెబుతుంది. అలాగే ఒక రంగులో సాధించిన నిలకడను మరో రంగుకు బదిలీ చేస్తుంది. స్ట్రాన్షియం గడియారపు 698 నానోమీటర్ల లేజర్‌ను 1.5 మైక్రోమీటర్ల సిలికాన్ కుహరానికి ముడిపెట్టగలిగేది ఈ దారిలోనే.

అల్ రయ్యాన్‌లో మీథేన్ శోధన

దోహాకు ఆనుకుని ఉన్న అల్ రయ్యాన్‌లో ఖతార్ ఫౌండేషన్ నెలకొల్పిన ఎడ్యుకేషన్ సిటీ ఉంది. 1995లో ఏర్పడిన ఆ ఫౌండేషన్ ఆహ్వానం మీద టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2003లో అక్కడ ఇంజనీరింగ్ ప్రాంగణం తెరిచింది. పెట్రోలియం ఇంజనీరింగ్ అక్కడి ప్రధాన శాఖల్లో ఒకటి. ఖతార్ ఇరాన్‌తో పంచుకునే సముద్రగర్భ క్షేత్రం ప్రపంచంలోకెల్లా పెద్ద సహజ వాయు నిక్షేపం. గొట్టాల్లో, కవాటాల్లో ఎక్కడ మీథేన్ కారినా అది నష్టం, ప్రమాదం కూడా. నూరేళ్ల లెక్కన మీథేన్ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. సాధారణ గాలిలో అది పది లక్షల భాగాల్లో రెండు భాగాలకు కాస్త తక్కువే ఉంటుంది. కారుడును పసిగట్టాలంటే ఆ స్వల్ప మొత్తం మీద మరింత స్వల్పమైన పెరుగుదలను గుర్తించాలి.

ఈ అవసరం కోసం టెక్సస్ ప్రాంగణంలోని హాన్స్ షుస్లర్ భౌతికశాస్త్ర బృందం, ఖతార్ ప్రాంగణంలోని మహ్మూద్ అమానీ వంటి పెట్రోలియం ఇంజనీర్లు కలిసి పనిచేశారు. ఖతార్ జాతీయ పరిశోధన నిధి ఈ కృషికి ఊతమిచ్చింది. 2014లో వారు ప్రచురించిన వెర్నియర్ వర్ణపటమాపకం ఎర్బియం ఫైబర్ లేజర్ దువ్వెనను, జరుపుతూ పోయే అధిక ఫైనెస్ కుహరాన్ని, పరారుణ కెమెరాను కలుపుతుంది. దువ్వెన పళ్ల ఎడాన్ని, కుహరం అనునాదాల ఎడాన్ని కావాలనే సరిపోలకుండా అమరుస్తారు. వెర్నియర్ కాలిపర్స్‌లో రెండు స్కేళ్ల గీతలు అక్కడక్కడ మాత్రమే కలిసినట్లే, ఇక్కడ కొన్ని పళ్లు మాత్రమే ఒక్కో క్షణం కుహరం దాటుతాయి. కుహరం పొడవు జరిగే కొద్దీ మిగతా పళ్లు వరుసగా దాటుతాయి. కుహరంలో కాంతి వేలసార్లు తిరగడం వల్ల చిన్న పరికరంలోనే ఎంతో పొడవైన వాయు మార్గం దొరికినట్లవుతుంది.

2015లో ఈ సహకారం నుంచే వచ్చిన మరో పనిలో రెండు ఫైబర్ లేజర్ దువ్వెనలతో మధ్య పరారుణ ప్రాంతంలో సాధారణ గాలిలోని మీథేన్‌ను కొలిచారు. రెండు దువ్వెనల పునరావృత్తి రేట్లు కొద్ది తేడాతో ఉంటాయి. ఒకదాని ప్రతి పన్ను రెండోదాని పొరుగు పంటితో కలిసి వేరే రేడియో పౌనఃపున్యం ఇస్తుంది. కదిలే భాగమేదీ లేకుండా కాంతి వర్ణపటం మొత్తం రేడియో వర్ణపటంగా మారుతుంది. అయితే రెండు దువ్వెనలూ పరస్పరం నిలకడగా ఉన్నంతసేపే ఈ మార్పిడి నమ్మదగినది. ఒకటి జారితే రేఖలు అలికేసినట్లవుతాయి. అంటే స్థిరీకరణ ఇక్కడ ప్రమాణశాలల సూక్ష్మ అవసరంగా ఆగిపోదు, వాయు పరిశ్రమ భద్రతకు నేరుగా పనికొస్తుంది. ఐదు దశాబ్దాల కింద లేజర్‌ను నిలకడ పరచిన మీథేన్ రేఖలనే ఇప్పుడు నిలకడ పడిన లేజర్లు వెతుకుతున్నాయి. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పాలకమండలి 2024 ఫిబ్రవరిలో ఖతార్ ప్రాంగణాన్ని 2028 నాటికి మూసివేయాలని తీర్మానించింది. అదే నగరంలోని హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం క్వాంటమ్ సాంకేతికతల పరిశోధనను చేపట్టింది.

గురుత్వ తరంగ శోధకాలు, భారతీయ ప్రయోగశాలలు

స్థిరీకరణకు అతి కఠిన పరీక్ష గురుత్వ తరంగ శోధకాలు. అమెరికాలోని లైగో 4 కిలోమీటర్ల భుజాల్లో 1064 నానోమీటర్ల లేజర్‌ను నడుపుతుంది. ముందు చిన్న స్థిర కుహరానికి, తర్వాత కాంతిని వడకట్టే కుహరానికి, చివరికి ఆ భుజాల ఉమ్మడి పొడవుకే లేజర్‌ను అంచెలంచెలుగా కడతారు. 2015 సెప్టెంబరు 14న తొలి గురుత్వ తరంగం చిక్కింది ఇలా నిలిపిన కాంతిలోనే. లైగో తరహా మరో శోధకాన్ని మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో కట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో సుమారు 2600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారాలతో భారత కాలమానాన్ని నిలుపుతుంది. పుణేలోని అయూకా పరిశోధన కేంద్రంలో యిటర్బియం అయాన్ ఆధారంగా కాంతి గడియారం రూపొందుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి ఐఐటీ, తిరుపతి ఐసర్ కలిసి పరమాణు, అణు, కాంతి శాస్త్రాలకు ఉమ్మడి కేంద్రాన్ని నడుపుతున్నాయి. యిటర్బియం గడియారంలోలా బంధించిన అయాన్లతో చేసే పనిలో చల్లబరిచే లేజర్, గడియారపు లేజర్, తిరిగి ఉత్తేజపరిచే లేజర్ అన్నీ ఏకకాలంలో లాక్ అయి ఉండాలి. ఒక్కటి జారినా ప్రయోగం చెడుతుంది.

పద్ధతి ఎంపిక, హద్దులు

అన్ని అవసరాలకూ తగిన ఒకే పద్ధతి లేదు. పరమాణువులను చల్లబరిచే ప్రయోగానికి 1 మెగాహెర్ట్జ్ నిలకడ చాలు కాబట్టి ఆవిరి గొట్టం సరిపోతుంది. అనుకూలమైన పరమాణు రేఖ లేని రంగులో, ముందే స్థిరపడిన మరో లేజర్‌తో విస్పందనాన్ని కొలిచి, ఆ తేడాను స్థిరంగా ఉంచే ఆఫ్‌సెట్ లాక్ వాడతారు. గడియారపు లేజర్‌కు రెండు అంచెలు కావాలి. సెకను లోపు కుహరం, అంతకు మించిన కాలంలో పరమాణువు దాన్ని పట్టి ఉంచుతాయి. స్థిరమైన కాంతిని ఫైబర్‌లో దూరానికి పంపేటప్పుడు ఫైబర్ వేడికీ అదురుకూ దశ చెదురుతుంది. కొంత కాంతిని అటు చివర నుంచి వెనక్కి రప్పించి, ఆ రొదను కొలిచి ముందుగానే తీసివేస్తారు.

నేటి ఉత్తమ కాంతి గడియారాల అనిశ్చితి 10¹⁸లో ఒక వంతు స్థాయికి చేరింది. భూమి మీద ఒక గడియారాన్ని 1 సెంటీమీటర్ పైకి ఎత్తితే గురుత్వం వల్ల దాని వేగం మారేది సుమారు అంతే. ఇక మీదట ఎదురయ్యే అడ్డంకి అద్దాల పూతలోని ఉష్ణ చలనం. దాన్ని దాటడానికి స్ఫటిక పూతలు, ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలు, పొడవైన కుహరాలు, పరమాణువులే నేరుగా సన్నని కాంతిని వెలువరించే లేజర్లు పరిశీలనలో ఉన్నాయి. ఇంకోవైపు ఇదే పరిజ్ఞానాన్ని చిప్పు మీదికి కుదించి, ప్రయోగశాల వెలుపలి ఎండలో, దుమ్ములో, వాయు గొట్టాల పక్కన రోజుల తరబడి లాక్ తప్పకుండా నడిపించే ప్రయత్నాలు సాగుతున్నాయి.